బందీఖానాలో ఒక్క గొంతు, భజనలో వంద గొంతులు: మన రామదాసు కథ

ఈ వారం వీడియోలో భద్రాచల రామదాసు గారి కీర్తనలు విన్నారు కదా. వీడియోలో చెప్పడానికి టైం సరిపోని ఆయన జీవితం ఇక్కడ రాస్తున్నా.

మాది కరీంనగర్. మా ధర్మపురి, కాళేశ్వరం దాటిన గోదావరే కిందికి వెళ్లి భద్రాచలం చేరుతుంది. చిన్నప్పుడు శనివారం భజనలో నాకు చిరతలు ఇచ్చేవాళ్లు. గొంతు బాగుండదు కాబట్టి ఒక్కణ్ణే పాడాలంటే సిగ్గు. కానీ పెద్దాయన పల్లవి ఎత్తుకోగానే అందరితో కలిసి గట్టిగా అందుకునేవాణ్ణి. ఆ ఆనందం ఇంకెక్కడా దొరకలేదు.

రామదాసు గారి అసలు పేరు కంచర్ల గోపన్న. ఊరు నేలకొండపల్లి, కాలం 17వ శతాబ్దం. గోల్కొండ నవాబు తానీషా కొలువులో పెద్ద పదవుల్లో ఉన్న అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలు. వాళ్ల వల్లే పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం వచ్చింది. భద్రగిరి మీద రాముడికి గుడి సరిగ్గా లేదని చూసి, వసూలైన శిస్తు సొమ్ముతో గుడి కట్టించాడు, నగలు చేయించాడు. లెక్క తేలలేదు. గోల్కొండ కోటలో బంధించారు. పన్నెండేళ్లు అని సంప్రదాయం చెప్తుంది.

సర్కారు డబ్బు అలా వాడడం కరెక్టేనా అని మీలో కొందరు అడుగుతారు. నేనూ అడిగా. చిత్రం ఏంటంటే, ఆయన కూడా తన పాటలో లెక్కే చెప్పాడు. భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, సీతమ్మకు చింతాకు పతకం అంటూ ఒక్కో నగా, దాని ఖర్చూ రాముడికే అప్పజెప్పి నిలదీశాడు. చివరికి దెబ్బలకు తట్టుకోలేక తిట్టానని ఆయనే బతిమాలుకున్నాడు. రామలక్ష్మణులే వచ్చి తానీషాకు బాకీ కట్టి విడిపించారని మన కథ. ఆయన ఉన్న గదిని ఇప్పటికీ గోల్కొండలో చూడొచ్చు. గోడ మీద చెక్కిన దేవుళ్ల బొమ్మలున్నాయి.

ఆఫీసులో కోడ్ రాసేటప్పుడు నేను బాక్ సంగీతం వింటుంటా. రామదాసు తరం వెళ్లిపోతున్న రోజుల్లో, 1685లో జర్మనీలో పుట్టాడాయన. ఒక్క చెల్లో వాయిద్యం కోసం ఆరు సూట్లు, చర్చిలో బృందంగా పాడడానికి ఎన్నో గొప్ప రచనలు చేశాడు. 1717లో కొలువు వదిలి వెళ్తానని పట్టుబట్టినందుకు దాదాపు నాలుగు వారాలు జైల్లో ఉన్నాడు. మహిమంతా దేవుడిదే అనే అర్థం వచ్చే అక్షరాలు తన రాతప్రతుల చివర రాసుకునేవాడు. మన దాసు గారు చరణం చివర రాముడి పేరు చేర్చినట్టే అనిపిస్తది నాకు.

కాకపోతే బాక్ సంగీతం కాగితం మీద మిగిలింది. మన రామదాసు పాటలు మాత్రం గొంతుల్లోనే బతికాయి. 19వ శతాబ్దం మొదట్లో తూము నరసింహదాసు గారు భద్రాచలంలో ఉండి నిత్యసేవల్లో కీర్తనలు పాడే పద్ధతిని నిలబెట్టారు. తర్వాత ఊరూరా భజన మండళ్లు వాటిని మోశాయి. ఒక్కడు ఏడుస్తూ పాడుకున్న పాటను వందమంది తాళాలేసుకుంటూ సంతోషంగా పాడుతున్నాం!

మనం ఇప్పుడు ఇయర్‌ఫోన్స్‌లో ఒక్కళ్లమే వింటున్నాం. వినడం మంచిదే, కానీ అందరం వినేవాళ్లమే అయితే పాడేదెవరు? ఈ శనివారం మీ అపార్ట్‌మెంట్‌లో నలుగురిని పోగేయండి. శ్రుతి తప్పినా పర్లేదు, పక్కవాళ్ల గొంతు సర్దేస్తుంది. ఏ కీర్తన పాడారో కామెంట్‌లో చెప్పండి.

జై శ్రీరామ్!