పిల్లలను చూడడం నేర్పిన డాక్టరమ్మ

మన సంఘ సభ్యులలో చాలామంది ఇప్పుడు తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలు. ఉద్యోగం రోజుల్లో ఫైళ్ళ మధ్య మన పిల్లలు ఎప్పుడు పెద్దవాళ్ళయ్యారో మనకే తెలియలేదు. ఇప్పుడు మనవల దగ్గర కూర్చునే తీరిక దొరికింది. ఆ తీరికలో ఏం చూడాలో, ఎలా చూడాలో చెప్పిన మహనీయురాలు డాక్టర్ మేరియా మాంటిస్సోరీ. ఊరూరా బడి బోర్డుల మీద కనిపించే పేరే గాని, ఆ మనిషి జీవితం మనలో ఎందరికి తెలుసు?

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లె అనే చిన్న ఊళ్ళో జన్మించారు. తండ్రి అలెస్సాండ్రో మనలాగే ప్రభుత్వోద్యోగి. ఆయన ఉద్యోగరీత్యా కుటుంబం మొదట ఫ్లోరెన్సుకు, 1875లో రోముకు చేరింది. కూతురు డాక్టరు చదువుతానంటే తండ్రికి రుచించలేదు. తల్లి రెనిల్డె మాత్రం అండగా నిలిచారు. మగ విద్యార్థులతో కలిసి ఆడపిల్ల శవాన్ని కోసి నేర్చుకోవడం తప్పన్న రోజులవి. అందరూ వెళ్ళిపోయాక, సాయంత్రం వేళ ఒంటరిగా ఆమె ఆ పాఠం నేర్చుకోవలసి వచ్చేది. 1896లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. ఇటలీ దేశపు తొలితరం మహిళా వైద్యులలో ఆమె ఒకరు.

వైద్యురాలిగా ఆమె పిచ్చాసుపత్రులకు వెళ్ళేవారు. బుద్ధి ఎదగలేదన్న పిల్లలను అక్కడ పెద్దవాళ్ళతో కలిపి ఖాళీ గదుల్లో పెట్టేవారు. ఆ పిల్లలకు కావలసింది మందు కాదు, చేతికి పని అని ఆమెకు తోచింది. ఇటార్, సెగాఁ అనే ఫ్రెంచి వైద్యుల గ్రంథాలు చదివి, కొన్ని వస్తువులు తయారు చేయించి పిల్లలకిచ్చారు. వారిలో కొందరు మామూలు పిల్లలు రాసే పరీక్షలో నెగ్గారు. అందరూ ఆమెను మెచ్చుకుంటుంటే ఆమెకు వేరే దిగులు పట్టుకుంది. వీళ్ళే ఇంత నేర్వగలిగితే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలను మన బడులు ఎంత వెనక పడేస్తున్నాయోనని.

ఆ రోజుల్లోనే ఆమె సొంత జీవితంలో ఒక బాధ మొదలైంది. 1898లో ఆమెకు మారియో అనే కొడుకు పుట్టాడు. పెళ్ళి కాలేదు. లోకానికి వెరచి పసివాణ్ణి పల్లెలో వేరే కుటుంబానికి అప్పగించారు. అప్పుడప్పుడు వెళ్ళి చూసి వచ్చేవారు. తల్లి మరణించిన తర్వాతగాని, దాదాపు పదిహేనేళ్ళ వయసులోగాని, ఆ పిల్లవాడు ఆమె దగ్గరకు చేరలేదు. ఆ తర్వాత కూడా చాలాకాలం కొడుకని బయటికి చెప్పుకోలేకపోయారు. ఊరందరి పిల్లలనూ కళ్ళారా చూసిన ఆ తల్లి తన బిడ్డ బాల్యాన్ని మాత్రం చూడలేకపోయింది.

1907 జనవరి 6న రోములోని సాన్ లోరెంజో పేటలో ఆమె పిల్లల ఇల్లు తెరిచారు. కూలికి పోయే తల్లిదండ్రుల పిల్లలు, సుమారు యాభైమంది, ఆ ఇళ్ళలో గోడలు పాడుచేస్తూ తిరిగేవారు. వారిని ఒకచోట ఉంచడమే కట్టించిన కంపెనీ ఉద్దేశం. ఆమె మాత్రం చిన్న కుర్చీలు, చేతికందే అలమరలు పెట్టించి, ఒక పక్కన కూర్చుని చూశారు.

ఒక మూడేళ్ళ పాప చెక్కలోని గుంటల్లో స్తూపాల వంటి కొయ్య ముక్కలను అమర్చుతోంది. తీస్తుంది, మళ్ళీ పెడుతుంది. పక్క పిల్లలచేత పాటలు పాడించారు, పాపను కుర్చీతో సహా బల్లమీదికి ఎత్తారు. అయినా పాప చూపు తిప్పలేదు. నలభైకి పైగా సార్లు చేసి, తనంతట తానే ఆపి, నిద్ర లేచినదానిలా తృప్తిగా నవ్వింది. పసిపిల్లలకు నిలకడ ఉండదన్న మాట అక్కడ వీగిపోయింది.

ఇంకొక సంగతి ఆమె తన గ్రంథంలో రాశారు. నీళ్ళ తొట్టిలో తేలే బొమ్మల చుట్టూ పిల్లలు మూగారు. రెండున్నరేళ్ళ బుడతడికి అందడం లేదు. చుట్టూ చూసి, చిన్న కుర్చీ తెచ్చుకుని ఎక్కుదామని బయల్దేరాడు. ముఖం వెలిగిపోతోంది. ఇంతలో ఉపాధ్యాయురాలు జాలిపడి ఎత్తి చూపించింది. బొమ్మలు కనిపించాయిగాని, వాడి ముఖంలోని ఆ వెలుగు పోయింది. ఆ సహాయం వాడి గెలుపును లాగేసుకుంది.

1909లో ఆమె తొలి విద్యాగ్రంథం వెలువడి ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. ముస్సోలినీ ప్రభుత్వం మొదట ఆమె బడులను ఆదరించింది, ఆమె కూడా ఆ ఆదరణను స్వీకరించారు. పిల్లలను సైనికుల్లా తీర్చిదిద్దాలన్నప్పుడు పొసగలేదు. 1934లో ఆమె ఇటలీ విడిచారు.

1939లో, అరవై తొమ్మిదో ఏట, దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మారియోతో కలిసి మద్రాసు అడయారు వచ్చారు. మనం పింఛను కాగితాలు సర్దుకుని కూర్చునే వయసు దాటాక ఆమె కొత్త దేశంలో సుమారు మూడు వందలమందికి శిక్షణ మొదలుపెట్టారు. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే బ్రిటిష్ ప్రభుత్వం మారియోను నిర్బంధించింది, ఆమె కదలికలపై ఆంక్షలు పెట్టింది. ఆ ఆగస్టు 31న, డెబ్బయ్యో పుట్టినరోజున, వైస్రాయి నుంచి తంతి వచ్చింది. పుట్టినరోజు కానుకగా కుమారుణ్ణి విడుదల చేస్తున్నారన్నది దాని సారాంశం. ఏళ్ళ తరబడి పైకి అనలేని కుమారుడన్న మాట ప్రభుత్వ తంతిలో వచ్చింది.

తర్వాత కొడైకెనాల్‌లో, అహ్మదాబాదులో పనిచేశారు. మధ్యలో ఐరోపా వెళ్ళి వచ్చినా, 1949 వరకు మన దేశంతో ఆమె బంధం సాగింది. 1952 మే 6న హాలండులో కన్నుమూశారు. తల్లి పనిని మారియో కొనసాగించాడు.

సభ్య మిత్రులారా! రేపు మనవడు చొక్కా బొత్తాం పెట్టుకోలేక అవస్థ పడుతుంటే మన చేయి ముందుకు పోతుంది. ఒక్క నిమిషం ఆగి, వాడి ముఖం చూద్దాం. అడిగితే సాయం చేద్దాం. అడగకపోతే పక్కన కూర్చుందాం. మనకు తీరిక ఉంది గదా!