అరిస్తే వినబడదు

బీథోవెన్ అనగానే చెవుడు వచ్చిన సంగీతకారుడని మనమందరం స్కూల్లోనే విన్నాం. చెవుడంటే అంతా నిశ్శబ్దం అయిపోవడమే అనుకునేదాన్ని. ఆయన జీవితం చదివాక అది తప్పని తెలిసింది.

ఆయన 1770లో జర్మనీలోని బాన్ ఊళ్లో పుట్టాడు. తండ్రే మొదటి గురువు. 1792లో వియన్నా చేరి పియానో వాయించడంలో గొప్ప పేరు తెచ్చుకున్నాడు. ముప్పై ఏళ్లు నిండకముందే చెవులు మొరాయించాయి. 1801లో డాక్టరైన ఒక స్నేహితుడికి ఉత్తరంలో తన బాధంతా చెప్పుకున్నాడు. రాత్రీ పగలూ చెవుల్లో ఒకటే హోరు. ఎవరైనా మెల్లగా మాట్లాడితే గొంతు వినిపిస్తుంది, మాటలు తెలియవు. పోనీ గట్టిగా అరిస్తే భరించలేడు. సంగీతకారుడై ఉండి చెవుడని ఎలా చెప్పుకుంటాడు? అందుకే మనుషులకి దూరంగా ఉండిపోయాడు. చూసేవాళ్లకి అది మొండితనంగా కనిపించింది. 1802లో తమ్ముళ్లకి రాసి, పంపకుండా దాచుకున్న ఉత్తరంలో ఈ అపార్థం గురించే కుమిలిపోయాడు.

1809లో నెపోలియన్ సేన వియన్నా మీద ఫిరంగులు పేల్చినప్పుడు, తమ్ముడి ఇంటి నేలమాళిగలో తలకి దిండ్లు కప్పుకుని గడిపాడని శిష్యుడు రీస్ రాశాడు. సరిగా వినబడనివాడికి దిండ్లెందుకు? అక్కడే చదవడం ఆపేశా. మా అవ్వ గుర్తొచ్చింది.

అవ్వకి వినికిడి తగ్గింది. తెలుగులో చెప్పింది అందకపోతే మేము కన్నడంలో అరుస్తాం. చెవులు పగిలిపోతున్నాయని కసురుకుంటుంది. వినబడదంటావు, అరిస్తే నొప్పంటావు, ఏదో ఒకటి చెప్పమని నేనే విసుక్కున్నా. తర్వాత అవ్వ మాట్లాడడమే తగ్గించేసింది. లోపలి చెవి దెబ్బతింటే చిన్న శబ్దాలు అందవు, పెద్దవి మాత్రం ఒక్కసారిగా మీదపడతాయట. రెండు బాధలూ ఒకే చెవిలో ఉండొచ్చు.

1818 నుంచి బీథోవెన్‌ని చూడవచ్చినవాళ్లు చెప్పాల్సింది నోటుబుక్కుల్లో రాసి చూపించేవారు. 1824లో తొమ్మిదో సింఫనీ మొదటిసారి వినిపించిన రోజు, జనం చప్పట్లు కొడుతున్నా ఆయనకి తెలియలేదు. గాయని ఉంగర్ ఆయన్ని జనం వైపు తిప్పింది. అప్పుడు చూశాడు. 1827లో వియన్నాలోనే కన్నుమూశాడు.

ఉంగర్ అరవలేదు, తిప్పి చూపించింది, అంతే. నేనిప్పుడు అవ్వ ఎదురుగా కూర్చుని, నా మొహం కనబడేలా, నిదానంగా మాట్లాడుతున్నా. మొన్న తనంతట తానే నా పరీక్షలెప్పుడని అడిగింది.