దేవుణ్ణి నమ్మని గోరా, గాంధీగారు ఒప్పుకున్న పెళ్లి

మల్యాల కొండగట్టు అంజన్న భక్తులకి నాస్తికుడి కథ ఎందుకంటారా? దేవుణ్ణి నమ్మనివాడికి నీతి ఎక్కడిది అని మనలో చాలామంది అనేస్తుంటాం కదా, అందుకు.

గోపరాజు రామచంద్రరావు, అదే గోరా, 1902లో పుట్టారు. బ్రాహ్మణ కుటుంబం, బాటనీ లెక్చరర్. జంధ్యం తీసేస్తే ఇంటివాళ్లు వెలివేశారు. నాస్తికుడని కాకినాడ కాలేజీలో ఉద్యోగం కూడా పోయింది. అయినా తగ్గలేదు. భార్య సరస్వతితో కలిసి 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, అంటరానితనం మీద పోరాడారు.

సేవాగ్రామ్ వెళ్లి గాంధీగారితో దేవుడి గురించి వాదించారు. ఆయన రామనామం వదల్లేదు, ఈయన పట్టు వదల్లేదు. కానీ గోరాగారు పెద్దకూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకి ఇస్తానంటే, ఆశ్రమంలో తానే పెళ్లి చేయిస్తానన్నారు గాంధీగారు. ప్రమాణంలో దేవుడి బదులు సత్యం అని అనిపించడానికీ సరేనన్నారు!

దేవుడు లేడన్న మాట నేనైతే ఒప్పుకోను. కానీ నిత్యం దీపం పెట్టే మన ఇళ్లల్లో ఎంతమంది అలా కూతుర్నిస్తాం చెప్పండి?

1948 మార్చిలో సేవాగ్రామ్‌లోనే ఆ పెళ్లయింది. అప్పటికి గాంధీగారు లేరు.