రంగుధారతో ప్రకృతిని ప్రశ్నించిన ఆస్బర్న్ రేనాల్డ్స్

నిజాంసాగర్ నీరు పారిన చోట చెరకు పండుననుట కామారెడ్డి, ఎల్లారెడ్డి విద్యార్థులకు మేము చెప్పనక్కరలేదు. కాని ఆ చెరకు రసము చక్కెరగా మారు తీరును గమనించినవారు కొద్దిమందియే. కర్మాగారములో రసమును అనేకమైన సన్నని గొట్టములగుండ పంపి, వెలుపల ఆవిరిని నింపి కాచుదురు. గొట్టములెన్ని కావలెను, రసమెంత వేగముతో సాగవలెను అను లెక్క తప్పినచో రసము చాలినంత కాగదు. ఆవిరియు, దానిని పుట్టించిన ఇంధనమును వ్యర్థమగును. ఈ లెక్కకు పునాది వేసినవారిలో అగ్రగణ్యులు ఆస్బర్న్ రేనాల్డ్స్.

ఆయన 1842 ఆగస్టు 23న ఐర్లండులోని బెల్‌ఫాస్టులో జన్మించినారు. పందొమ్మిదవ ఏట ఒక ఇంజనీరు కార్ఖానాలో చేరి పని నేర్చిన పిమ్మటనే కేంబ్రిడ్జిలో గణితము చదివి, 1867లో పట్టము పొందినారు. మరుసటి ఏడే మాంచెస్టరులోని ఓవెన్స్ కళాశాలలో ఇంజనీరింగు ఆచార్యులైనారు.

1874లో బాయిలరు గొట్టములను గూర్చి యోచించుచు, గోడకును ప్రవాహమునకును నడుమ వేడి మారుట సుడుల కలయికపై ఆధారపడునని, ప్రవాహమును అడ్డు రాపిడికిని ఈ వేడిమార్పునకును చుట్టరికము కలదని సూచించినారు.

1883లో ప్రకటించిన ప్రయోగము లోకప్రసిద్ధము. గాజుగొట్టములో నీటిని పారించి, నడుమ సన్నని రంగుధారను విడిచినారు. వేగము తక్కువైనంతవరకు అది నూలుపోగువలె తిన్నగా సాగినది; హద్దు దాటగనే చెదరి, సుడులు తిరిగి, నీరంతటను కలిసిపోయినది. ఆ హద్దును నిర్ణయించునది వేగమొక్కటియే కాదు. వేగము, గొట్టపు వ్యాసము, ద్రవసాంద్రతల లబ్ధమును స్నిగ్ధతచే భాగించగా వచ్చు రేనాల్డ్స్ సంఖ్యయే దానికి కొలబద్ద. గొట్టములలో అది సాధారణముగ సుమారు 2000 దాటిన పిమ్మట తిన్నని ప్రవాహము నిలకడ తప్పును. చిన్న గొట్టమున చూచినదానిని పెద్ద గొట్టమునకు అన్వయించుటకు ఇట్లు దారి దొరికినది. సుడులున్నచోట వేడి త్వరగా చేరును. కాని ద్రవమును తోయుటకు ఎక్కువ శక్తి వెచ్చింపవలెను. ఈ లాభనష్టముల తూకమే వేడి మార్చు యంత్రముల నిర్మాణమునకు ప్రాణము.

1895లో ఆయన సుడుల ప్రవాహమును సగటు చలనముగను, హెచ్చుతగ్గులుగను విభజించి సమీకరణములు కూర్చినారు. నేటి కంప్యూటరు గణనలలో పెక్కింటికి అవే ఆధారము. అయినను వానిలో సమీకరణములకంటె తెలియని రాశులే ఎక్కువ. ఆ లోటు పూడ్చుటకు నేటికిని ప్రయోగములను ఆశ్రయింపక తప్పదు.

ఆయన పాఠములు సులభముగ అర్థమయ్యెడివి కావని ప్రతీతి. అయినను ఎలక్ట్రానును కనుగొనిన జె. జె. థామ్సన్ ఆయన శిష్యులే. ఆరోగ్యము క్షీణింపగా 1905లో పదవి విడిచి, 1912 ఫిబ్రవరి 21న కన్నుమూసినారు.

విద్యార్థులారా! ఆయన ఎదుట ఉన్నవి నీరు, గాజుగొట్టము, కొంత రంగు. కంటికి కనబడినదానిని కొలిచి, కొలిచినదానిని లెక్కకు తెచ్చు ఓర్పే వానిని శాస్త్రముగ మార్చినది. నీరు మన కాలువలలోను పారుచున్నది. ఓర్పును మనము అలవరచుకొనవలెను.