ఫ్లోరెన్స్ నైటింగేల్

ఫ్లోరెన్స్ నైటింగేల్ (1820 మే 12 – 1910 ఆగష్టు 13) ఆధునిక నర్సింగు విద్యకు పునాది వేసిన ఆంగ్ల వనిత, గణాంక శాస్త్రవేత్త, ఆరోగ్య సంస్కర్త. క్రిమియా యుద్ధంలో గాయపడిన సైనికులకు చేసిన సేవ వలన ఈమె దీపధారిణిగా లోకమంతటా ప్రసిద్ధి పొందింది. అయితే ఆసుపత్రిలో పనిచేస్తూ విద్య నేర్చుకునే విద్యార్థులకు నియమాలు, పర్యవేక్షణ, మూల్యాంకనం ఏర్పరచటం ఈమె చేసిన పనులలో ఎక్కువ కాలం నిలిచినది. భారతదేశానికి ఎన్నడూ రాకపోయినా, నలభై ఏళ్లకు పైగా ఈ దేశపు పారిశుధ్యం, కరువులు, నీటిపారుదల గురించి వ్రాసింది. 1876–78 నాటి మహా క్షామంలో నేటి అనంతపురం జిల్లా ప్రాంతం నలిగిపోతున్న కాలంలో మద్రాసు రాజధాని ప్రజల స్థితిని బ్రిటిష్ పాఠకుల ముందు ఉంచిన వారిలో ఈమె ఒకరు.

బాల్యం, విద్యాభ్యాసం

నైటింగేల్ ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో సంపన్న ఆంగ్ల కుటుంబంలో జన్మించింది. పుట్టిన ఊరి పేరే ఆమెకు పెట్టారు. తండ్రి విలియం ఎడ్వర్డ్ నైటింగేల్, తల్లి ఫ్రాన్సెస్. అక్క పార్థెనోప్ నేపుల్స్‌లో జన్మించింది. డెర్బీషైర్‌లోని లీ హర్స్ట్, హాంప్‌షైర్‌లోని ఎంబ్లీ పార్క్ గృహాలలో ఈమె బాల్యం గడిచింది. తండ్రి స్వయంగా గ్రీకు, లాటిన్ భాషలను, చరిత్రను, తత్వశాస్త్రాన్ని బోధించాడు. గణితంపై ఆమెకు చిన్ననాటి నుండి మక్కువ ఉండేది.

1837లో, పదహారేళ్ల వయసులో, తనను దైవం సేవకు పిలిచినట్లు ఆమె భావించింది. నర్సు కావాలన్న ఆమె కోరికను కుటుంబం తీవ్రంగా వ్యతిరేకించింది. ఆనాడు ఇంగ్లండు ఆసుపత్రులలో నర్సు పనికి గౌరవం లేదు, క్రమబద్ధమైన శిక్షణ కూడా లేదు. కొన్ని సంవత్సరాల నిరీక్షణ తరువాత 1850లో జర్మనీలోని కైసర్‌వెర్త్‌లో పాస్టర్ థియోడోర్ ఫ్లీడ్నర్ నడిపిన సేవాసంస్థను దర్శించి, 1851లో అక్కడ సుమారు మూడు నెలలు శిక్షణ పొందింది. 1853లో లండనులోని హార్లీ వీధిలో రోగగ్రస్త స్త్రీల సంరక్షణ గృహానికి పర్యవేక్షకురాలిగా చేరింది.

క్రిమియా యుద్ధం

1854లో క్రిమియా యుద్ధం నుండి సైనికుల దుస్థితి గురించి వార్తలు రావటంతో, యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెను సేవికల బృందంతో పంపటానికి నిర్ణయించాడు. 1854 అక్టోబరు 21న 38 మంది నర్సులతో బయలుదేరి నవంబరు తొలివారంలో ఇస్తాంబుల్ ఎదుట ఉన్న స్కుటారి ఆసుపత్రికి చేరింది. అక్కడ మురుగుకాలువలు నిండి, మంచాలు చాలక, దుప్పట్లు, ఆహారం కరవై ఉన్నాయి.

1855 ఫిబ్రవరిలో ఆ ఆసుపత్రిలో చేరిన రోగులలో మరణాల శాతం 42 వరకు ఉండగా, జూన్ నాటికి 2కు తగ్గింది. ఈ తగ్గుదలకు ముఖ్య కారణం 1855 మార్చిలో వచ్చిన పారిశుధ్య సంఘం మురుగుకాలువలను, నీటి వసతిని, గాలి ప్రసరణను సరిచేయటమని చరిత్రకారులు భావిస్తారు. ఇంగ్లండు తిరిగి వచ్చాక లెక్కలను పరిశీలించిన నైటింగేల్ కూడా ఈ విషయాన్ని గ్రహించింది. సేవాభావం ఎంత ఉన్నా వ్యవస్థ చెడితే రోగి బ్రతకడన్న గుణపాఠం ఆమె తరువాతి పనికంతటికీ ఆధారమైంది. 1855 మేలో బాలక్లావాలో ఆమెకు తీవ్రమైన జ్వరం సోకింది. ఆ జబ్బు ప్రభావం జీవితాంతం వెన్నాడింది. 1856 ఆగష్టులో స్వదేశానికి చేరుకున్నది.

గణాంకాల వినియోగం

సైనిక మరణాలలో ఎక్కువ భాగం గాయాల వలన గాక, నివారించదగిన వ్యాధుల వలన సంభవించాయని నిరూపించటానికి ఆమె రంగుల వృత్త చిత్రాలను రూపొందించింది. రాజకీయ నాయకులు సంఖ్యల పట్టికలు చదవరని, బొమ్మ చూస్తే గ్రహిస్తారని ఆమె అభిప్రాయం. లండన్ గణాంక సంఘంలో చేరిన తొలి మహిళా సభ్యురాలు ఈమె. 1859లో ఆసుపత్రుల నిర్మాణంపైన, ఇంటి వద్ద రోగి సేవపైన రెండు గ్రంథాలు వెలువడ్డాయి.

నర్సింగు శిక్షణాలయం

క్రిమియా సేవకు గుర్తుగా 1855 నవంబరులో ప్రారంభమైన నైటింగేల్ నిధికి సుమారు 45,000 పౌన్లు పోగయ్యాయి. ఆ ధనంతో 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సింగు శిక్షణాలయం 15 మంది శిక్షణార్థులతో ప్రారంభమైంది. మతసంస్థలతో సంబంధం లేకుండా నడిచిన ఈ శిక్షణాలయం అనేక దేశాలకు నమూనా అయింది.

శిక్షణాలయ నిర్వహణలో మూడు పక్షాలు ఉండేవి. శిక్షణ ఖర్చును, శిక్షణార్థుల భృతిని నిధి సంఘం భరించేది. వార్డులు, రోగులు ఆసుపత్రివి. శిక్షణార్థులపై అధికారం మేట్రన్ శారా వార్డ్‌రోపర్‌ది. నిధి సంఘానికి 1861 నుండి హెన్రీ బోన్‌హామ్ కార్టర్ కార్యదర్శిగా దీర్ఘకాలం పనిచేశాడు. డబ్బు ఇచ్చేవారు, చోటు ఇచ్చేవారు, నేర్పేవారు వేరువేరు కావటంతో ఎవరి బాధ్యత ఎంతవరకు అన్నది మొదటి నుండి చిక్కు ప్రశ్నగానే ఉండేది.

ప్రవేశానికి సత్ప్రవర్తన పత్రం కావాలి. శిక్షణ కాలం ఒక సంవత్సరం. వసతి, భోజనం, దుస్తులతో పాటు సంవత్సరానికి 10 పౌన్లు ఇచ్చేవారు. ప్రతి శిక్షణార్థి గురించి నెలనెలా ఒక నివేదిక నింపేవారు. అందులో రెండు భాగాలుండేవి:

* నడవడి: సమయపాలన, నెమ్మది, విశ్వసనీయత, శుభ్రత, వార్డు నిర్వహణ వంటివి.
* నైపుణ్యం: గాయాలకు కట్లు కట్టటం, పడక సిద్ధం చేయటం, రోగికి ఆహారం వండటం, శస్త్రచికిత్స వేళ సహాయం, రోగిని గమనించి చెప్పటం వంటివి.

ఒక్కొక్క అంశానికి అత్యుత్తమం నుండి శూన్యం వరకు శ్రేణులు ఉండేవి. తుది పరీక్షలో ఒక్కరోజు వ్రాసిన జవాబుకన్న, వార్డులో ఏడాది పొడుగునా కనబరచిన పనితనానికే ఎక్కువ విలువ ఇవ్వటం ఈ పద్ధతి ప్రత్యేకత.

లోపాలు, సంస్కరణ

కాగితంపై చక్కగా కనిపించిన ఈ ఏర్పాటు ఆచరణలో చాలాచోట్ల కుంటుపడింది. అనారోగ్యం వలన, భారతదేశ సంబంధమైన పనుల వలన నైటింగేల్ తొలి పదేళ్లు శిక్షణాలయాన్ని దగ్గరగా చూడలేకపోయింది. 1871లో ఆసుపత్రి లాంబెత్‌లోని పెద్ద కొత్త భవనాలకు మారటంతో పని బాగా పెరిగింది. ఆ తరువాత ఆమె విచారించగా, వైద్యుల ఉపన్యాసాలు సక్రమంగా జరగటం లేదని, నేర్చుకోవటానికి వచ్చినవారిని చవక పనివారిగా వార్డులలో వాడుకుంటున్నారని తెలిసింది. నెలవారీ నివేదికలు మాత్రం నిండుతూనే ఉన్నాయి.

1872 నుండి ఆమె శిక్షణార్థులను స్వయంగా పిలిపించి మాట్లాడటం, వారి దినచర్య పుస్తకాలను చదవటం ప్రారంభించింది. శిక్షణార్థుల చదువును, వసతిని చూడటానికి హోమ్ సిస్టర్ అనే ప్రత్యేక పదవి ఏర్పడింది. వార్డు బాధ్యతలు లేని ఈ ఉద్యోగిని పాఠాలను మరల చెప్పించి, సందేహాలు తీర్చేది. వైద్య బోధనకు జాన్ క్రాఫ్ట్ అనే శస్త్రవైద్యుడు నియమితుడయ్యాడు. విద్యార్థి పక్షాన నిలిచే వ్యక్తి వార్డు అధికారికి వేరుగా ఉండాలన్న సూత్రం ఇక్కడ రూపుదిద్దుకున్నది. అదే సంవత్సరం నుండి ఆమె శిక్షణార్థులకు, నర్సులకు బహిరంగ లేఖలు వ్రాయసాగింది.

ఇంతకు ముందే మరొక కఠిన నిర్ణయం జరిగింది. 1860ల తొలినాళ్లలో కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో నిధి సహాయంతో మంత్రసానుల శిక్షణ మొదలైంది. ప్రసూతి వార్డులో సూతికా జ్వరంతో తల్లులు మరణించటం వలన 1867లో దానిని మూసివేశారు. తరువాత నైటింగేల్ అనేక ప్రసూతి ఆసుపత్రుల లెక్కలు సేకరించి, ఇళ్లలో జరిగే కాన్పులతో పోల్చి 1871లో గ్రంథం ప్రచురించింది. శిక్షణ కొరకు స్త్రీల ప్రాణాలను ఆపదలో పెట్టరాదన్నది దాని సారాంశం. రోగికి క్షేమం కాని చోట విద్యార్థికి శిక్షణ ఉండరాదన్న నియమానికి ఇది తొలినాటి ఉదాహరణలలో ఒకటి.

శిక్షణాలయం నుండి వెలువడిన నర్సులు ఇతర చోట్ల శిక్షణను ప్రారంభించారు. ఆగ్నెస్ జోన్స్ 1865లో లివర్‌పూల్ పేదల ఆసుపత్రిలో పని ప్రారంభించి, 1868లో టైఫస్ జ్వరంతో మరణించింది. లూసీ ఆస్‌బర్న్ అయిదుగురు నర్సులతో 1868లో ఆస్ట్రేలియాలోని సిడ్నీకి చేరింది.

భారతదేశంతో సంబంధం

1859లో భారతదేశంలోని సైన్యపు ఆరోగ్య స్థితిపై రాయల్ కమిషన్ ఏర్పాటయింది. దీని వెనుక నైటింగేల్ ప్రోద్బలం ఉన్నది. ఆమె దేశంలోని సైనిక కేంద్రాలకు ప్రశ్నావళులు పంపించి, వచ్చిన జవాబులను క్రోడీకరించింది. 1863లో వెలువడిన నివేదిక ప్రకారం బ్రిటిష్ సైనికులలో సాలీనా మరణాలు వేయికి 69. కలుషిత జలం, మురుగు, ఇరుకు నివాసాలు దీనికి ముఖ్య కారణాలు. 1864లో బెంగాల్, మద్రాసు, బొంబాయి రాజధానులలో పారిశుధ్య సంఘాలు ఏర్పడ్డాయి. సైనికుల ఆరోగ్యంతో మొదలైన ఆమె దృష్టి క్రమంగా గ్రామ ప్రజలవైపు, రైతులవైపు మళ్లింది. 1866 నుండి 1872 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న లార్డ్ నేపియర్ ఆమెకు క్రిమియా యుద్ధకాలం నాటి పరిచితుడు. ఆయనతో ఈమె ఉత్తరప్రత్యుత్తరాలు జరిపింది.

రాయలసీమ క్షామం

పెన్నా నది ఒడ్డున ఉన్న పామిడి ఆ కాలంలో గుత్తి తాలూకాలో, బళ్లారి జిల్లాలో భాగం. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. వర్షాభావం తరచుగా పీడించే ఈ మెట్ట ప్రాంతంలో 1876లో వానలు విఫలం కావటంతో మహా క్షామం మొదలైంది. తెలుగునాట దీనిని ధాత కరువు అంటారు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. బ్రిటిష్ పాలిత ప్రాంతాలలో మొత్తం మీద 50 లక్షలకు పైగా ప్రజలు మరణించారని అంచనా.

1877లో ప్రభుత్వ ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులు చేసేవారి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం స్థాయికి తగ్గించాడు. మద్రాసు పారిశుధ్య కమిషనరు డా. డబ్ల్యూ.ఆర్. కార్నిష్ దీనిని వ్యతిరేకించి, కష్టించే మనిషి దేహానికి ఆ తిండి చాలదని వైద్యపరమైన కారణాలతో వాదించాడు. కొన్ని నెలల తరువాత మద్రాసు ప్రభుత్వం కూలిని పెంచింది.

నైటింగేల్ ఈ కరువుపై పత్రికలకు వ్రాసింది. 1878లో భారత ప్రజల స్థితిపై ఆమె వ్యాసం లండనులోని ఒక ప్రముఖ మాసపత్రికలో వెలువడింది. వడ్డీ వ్యాపారుల దోపిడి, పన్నుల భారం, నీటిపారుదల లేమి కలిసి కరువును మరణంగా మారుస్తున్నాయని ఆమె వివరించింది. గోదావరి ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్‌తో ఆమెకు స్నేహం ఉండేది. రైలు మార్గాలతో సమానంగా కాలువలకు ధనం వెచ్చించాలన్న ఆయన వాదనను ఆమె బలపరచింది. 1880లో కరువు కమిషన్ నివేదిక, తదుపరి కరువు నియమావళి వెలువడ్డాయి.

చివరి దశ

1880ల చివరి నుండి నర్సుల రిజిస్ట్రేషన్ విషయమై ఇంగ్లండులో పెద్ద వివాదం చెలరేగింది. 1887లో ఏర్పడిన బ్రిటిష్ నర్సుల సంఘం, పరీక్ష నెగ్గినవారి పేర్లను జాబితాలో నమోదు చేయాలని కోరింది. నైటింగేల్ దీనిని వ్యతిరేకించింది. ఒకసారి వ్రాసిన పరీక్ష నర్సు గుణాన్ని, నిరంతర అభివృద్ధిని కొలవలేదని ఆమె వాదన. జాబితా లేకపోతే శిక్షణ లేనివారి నుండి ప్రజలకు రక్షణ ఉండదని ప్రతిపక్షం వాదించింది. చివరకు 1919లో బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. ఈ విషయంలో చరిత్ర ఆమె పక్షాన నిలవలేదు. శిక్షణార్థులలో కులీన స్త్రీలకు, సాధారణ స్త్రీలకు తేడా చూపటాన్ని కూడా పలువురు తరువాతి కాలంలో విమర్శించారు.

1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ గౌరవాన్ని పొందిన తొలి మహిళ ఈమె. చివరి సంవత్సరాలలో చూపు కోల్పోయింది. 1910 ఆగష్టు 13న లండనులో 90వ యేట మరణించింది. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఖననం చేస్తామన్న ప్రతిపాదనను బంధువులు అంగీకరించలేదు. హాంప్‌షైర్‌లోని ఈస్ట్ వెల్లో గ్రామంలో కుటుంబ సమాధుల చెంత ఆమెను ఖననం చేశారు.

ప్రభావం

ఆమె జన్మదినమైన మే 12ను అంతర్జాతీయ నర్సుల దినోత్సవంగా జరుపుకుంటారు. భారత ప్రభుత్వం 1973 నుండి ఆమె పేరిట జాతీయ పురస్కారాలను ప్రదానం చేస్తున్నది.

ఆమె వ్యతిరేకించిన రిజిస్ట్రేషన్, ఆమె కోరిన వార్డు పర్యవేక్షణ రెండూ భారతదేశపు ఆరోగ్య విద్యలో కలిసిపోయాయి. 1926లో మద్రాసు రాజధానిలో నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. 1947 చట్టంతో ఏర్పడిన భారతీయ నర్సింగు మండలి దేశమంతటికీ ఏకరూప ప్రమాణాలను నిర్ణయించింది. 2021లో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఫిజియోథెరపీ, ప్రయోగశాల, రేడియాలజీ వంటి అనుబంధ ఆరోగ్య వృత్తులకు కూడా జాతీయ కమిషన్‌ను, విద్యా ప్రమాణాలను నిర్దేశించింది. నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది.

విద్యార్థి దినచర్య పుస్తకం, నైపుణ్యాల జాబితా, వార్డు నివేదిక నేటికీ నర్సింగు కళాశాలలలో వాడుకలో ఉన్నాయి. అనంతపురం వంటి వెనుకబడిన జిల్లాలలో, పామిడి వంటి చిన్న పట్టణాల నుండి పెద్ద ఆసుపత్రులకు శిక్షణకై వెళ్లే యువతీయువకులకు ఈ పత్రాల సంగతి ప్రధానమైనది. సిబ్బంది కొరత ఉన్న చోట విద్యార్థితో ఖాళీ ఉద్యోగి పని చేయించుకోవటం, సంతకాలతో పుస్తకం నింపటం సులభం. 1872లో నైటింగేల్ కనుగొన్న లోపం అదే. నివేదిక నిండినదా అని మాత్రమే గాక, విద్యార్థి నేర్చుకున్నదా, రోగి క్షేమంగా ఉన్నాడా అని కూడా విచారించటం ఆమె నెలకొల్పిన సంప్రదాయం.