మైదానము నిచ్చిన మహనీయుడు – బుచ్చిబాబు నాయుడుగారు

విద్యార్థులారా! సాయంకాలము గంట మ్రోగగనే మీరు బంతియు బ్యాటును చేతబట్టి మైదానమునకు పరుగెత్తుదురు. అచట మిమ్ము నిలువవలదని యెవ్వరును అనరు. కాని యొకప్పుడు ఈ చెన్నపట్టణముననే భారతీయులకు అట్టి చోటు కరవై యుండెను.

దొరలు ఏ దేశమున కేగినను తమ యాటలను వెంటగొని పోయిరి. స్కాట్లండు సముద్రతీరపు ఇసుకనేలలపై పెరిగిన గోల్ఫు ఆటకు 1829లో కలకత్తాయందు క్లబ్బు వెలసెను. 1846లో మద్రాసు క్రికెట్ క్లబ్బు ఏర్పడెను. నేల మనది, ఆట వారిది.

అట్టి కాలమున, 1868లో, మోదవరపు వెంకటమహీపతి నాయుడుగారు ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. లోకము వారిని బుచ్చిబాబు అని పిలిచెను. ప్యారీ కంపెనీ దుబాసీయైన తాతగారి యింట, మైలాపూరు లజ్ భవనమున, వారు సిరిసంపదల నడుమ పెరిగిరి. బాల్యముననే చేపాకమున దొరల ఆట చూచి ముచ్చటపడిరి. కాని అచట ఆడవచ్చిన భారతీయులకు సైతము పెవిలియను ప్రవేశము లేదు, చెట్లనీడన భుజింపవలసినదే. ఆ యవమానము వారి మనసున ముల్లువలె నాటుకొనెను.

వారు కలహమునకు దిగలేదు. 1888లో, ఇరువదియేండ్ల ప్రాయమున, ఎస్ప్లనేడు మైదానమున మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించిరి. యువకులకు ఆటసామగ్రిని సొంత ధనముతో సమకూర్చి, తమ యింటి ఆవరణలోనే శిక్షణ యిప్పించిరి. ఇరువది సంవత్సరముల కృషి ఫలించి, 1908లో భారతీయులకును దొరలకును సమఉజ్జీలుగా పోటీ ఏర్పాటయ్యెను. అయ్యో! ఆ డిసెంబరుననే, పోటీని కన్నులార చూడకయే, నలువదియేండ్లకు వారు కన్నుమూసిరి.

నాటిన విత్తు వృథ కాలేదు. 1915 నుండి సంక్రాంతి దినములలో ఆ పోటీలు ఏటేట జరిగినవి. కుమారులలో నొకరగు సి. రామస్వామిగారు 1922లో డేవిస్ కప్ టెన్నిసునందును, 1936లో ఇంగ్లండున టెస్టు క్రికెట్టునందును దేశము పక్షమున ఆడిరి.

మేము పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందిన దినములలో ఈ మహనీయుని పేరు వినలేదు; ఇచటికి వచ్చిన పిదపనే తెలిసికొంటిమి. తల్లిదండ్రులారా! అంబత్తూరున మన భాష మాటాడువారు కొలదిమందియే కావచ్చును. అంతమాత్రమున మన పిల్లలు ఒదిగి యుండ నక్కరలేదు. చోటు లేనప్పుడు చోటు కల్పించుకొని, దానిని తోటివారందరితో పంచుకొనుటయే బుచ్చిబాబుగారు చూపిన బాట. ఆ బాటను మన బాలబాలిక లనుసరింతురుగాక!