గాజు కుప్పెల వైద్యుడు అర్రాజీ

కాజీపేటలో 1959లో వెలసిన ఇంజనీరింగ్ కళాశాలే నేటి నిట్. అక్కడి రసాయన ప్రయోగశాలలో మన పిల్లలు ఆవిరిని చల్లార్చి బొట్టుబొట్టుగా పట్టే గాజు పరికరాన్ని చేతబట్టినప్పుడు, ఆ పని వెయ్యేళ్ళ క్రితమే వివరంగా రాసిపెట్టిన ఒక హకీం గుర్తుకు రావాలి. ఆయన అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అర్రాజీ.

క్రీ.శ. 865 ప్రాంతంలో, నేటి టెహరాన్ సమీపంలోని రయ్ నగరంలో జన్మించారు. రయ్‌లోనూ, బగ్దాదులోనూ ఆసుపత్రుల పెద్ద వైద్యులుగా పనిచేశారు. మశూచి వేరు, తట్టు వేరు అని లక్షణాలతో సహా విడదీసి గ్రంథం రాశారు.

వైద్యంతో పాటు రసవాదం కూడా ఆయన్ని ఆకర్షించింది. బంగారం చేయవచ్చని ఆ కాలపు పండితుల్లాగే ఆయనా నమ్మారు. ఆ నమ్మకం తప్పే. అయితే తక్కినవారు తమ విద్యను చిక్కుమాటల చాటున దాచుకుంటే, అర్రాజీ ‘కితాబుల్ అస్రార్’లో పనిముట్ల జాబితాయే ఇచ్చారు. లోహాలు కరిగించడానికి కొలిమి, తిత్తి, మూస, పట్టకారు, సుత్తి, ఆకురాయి. మన కంసాలి అంగడిలో ఉన్నవే! తక్కిన పదార్థాలకు ఖరా అనే కుప్పె, దానిమీద ముక్కు కిందికి వాలిన అంబీఖ్, చుక్కలు పట్టే సీసా. నిప్పుకు గాజు పగలకుండా పూసే మట్టి సంగతి కూడా చెప్పారు. యునానీ హకీములు గిలె హిక్మత్ అనేది ఆ మట్టినే. అర్ఖులు తీసే ఖరా అంబీఖ్ పేరూ వారి నోట ఇంకా ఉంది.

ఆయన వాడినదని చెప్పదగ్గ గాజు పాత్ర ఏదీ మనకు దక్కలేదు. దక్కి ఉంటే ఎంత తెలిసేదో! 16వ శతాబ్దపు ఖగోళవేత్త టైకో బ్రాహీ ప్రయోగశాల స్థలంలో దొరికిన నాలుగు గాజు పెంకులను, ఒక మట్టి పెంకును డెన్మార్క్ పరిశోధకులు పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. వాటిమీద రాగి, పాదరసం, బంగారం, టంగ్‌స్టన్ ఆనవాళ్ళు కనిపించాయి. అర్రాజీ విషయంలో మాత్రం ఆ జాబితాయే మనకున్న సాక్ష్యం.

చివరి రోజుల్లో ఆయనకు చూపు పోయింది. శస్త్రం చేయవచ్చిన వైద్యుణ్ణి కంటిలో పొరలెన్ని అని అడిగి, జవాబు రాకపోయేసరికి వెనక్కి పంపేశారని చెబుతారు. 925 ప్రాంతంలో రయ్‌లోనే కన్నుమూశారు.

రోగుల గురించి, మందుల గురించి ఆయన రాసుకున్న కాగితాలను తర్వాతివారు చేర్చి ‘అల్ హావీ’గా కూర్చారు. దాని అరబీ మూలాన్ని 1955 నుంచి 23 సంపుటాలుగా అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్.